'రన్' అను క్రియ - దాని నానార్థముల చరిత్ర

ధాతువులకు అర్థము లనేకములని మన ప్రాచీన వైయాకరణులు నిర్ణయించిరి. ఈ నిర్ణయము సంస్కృతమునకు మాత్రమే గాక లోకమునందలి భాషలన్నిటికిని వర్తించును. దీనికి ప్రబలమైన నిదర్శనము ఇంగ్లీషు భాషలో కలదు. 'రన్' అనునది ఆ భాషలో మిక్కిలి చిన్న క్రియ. అచ్చట పసిబిడ్డ నడక నేర్చిన మఱునాటినుండి వినుచుండు మాట. మన పిల్లలును ఆంగ్లపాఠములలో మొట్టమొదట నేర్చుకొను క్రియలలో ఇది యొకటి. పరుగెత్తుట యని దాని యర్థమును ఒక్క నిమిషములో బోధింపవచ్చును. కాని ఆక్స్‌ఫర్డు ఇంగ్లీషు నిఘంటువు సంపాదకులు 2011 నాటికి ఈ క్రియను పునఃపరిశీలించి చూడగా దానికి 645 అర్థభేదములు తేలినవి. ఈ ఒక్క పదమును సవరించుటకు పీటర్ గిల్లివర్ అను సంపాదకునికి తొమ్మిది నెలలు పట్టెను.

ఒక చిన్న క్రియకు ఇన్ని యర్థములు ఎట్లు చేరినవి? వానిని లెక్కించి కూర్చినవారెవరు? ఈ ప్రశ్నలకు సమాధానము ఆంగ్లనిఘంటు చరిత్రలో ఉన్నది. ఆ చరిత్ర పరదేశీయులదే. అయినను పరభాషా ప్రాంతములలో తరతరములుగా తెలుగును నిలుపుకొనుచు వచ్చినవారు దానినుండి గ్రహింపవలసిన పాఠమొకటి కలదు.

కఠినపదములనుండి సులభపదములకు

ఇంగ్లీషునకు ఇంగ్లీషులోనే అర్థము చెప్పిన నిఘంటువులలో మొదటిదిగా ఎన్నబడునది రాబర్ట్ కాడ్రీ 1604లో ప్రకటించిన చిన్న గ్రంథము. అందు సుమారు 2,500 పదములు మాత్రమే కలవు. అవియు లాటిను, గ్రీకు, ఫ్రెంచి భాషలనుండి వచ్చిన కఠినపదములు. తెలియని మాటకే అర్థము కావలెను గాని తెలిసిన మాటకు అర్థమెందుకని ఆనాటివారి భావము. పోవుట, వచ్చుట, తీసికొనుట, పరుగెత్తుట అను క్రియలకు నిఘంటువులో చోటు కల్పింపవలెనను తలంపు వారికి కలుగలేదు.

సులభపదములే మిక్కిలి కష్టమైనవని మొదట బాగుగా గుర్తించినవాడు డాక్టరు శామ్యూల్ జాన్సన్. ఆయన నిఘంటువు 1755లో వెలువడెను. ఎల్లెడల వాడుకలోనుండి, ఏ యర్థమునందును స్థిరముగా నిలువని కొన్ని క్రియలు తన శ్రమను మిక్కిలి పెంచినవని ఆయన పీఠికలో చెప్పుకొనెను. అట్టి క్రియల పట్టికలో 'రన్' కూడ ఉన్నది. ఇదే పట్టికలోని 'టేక్' అను మరియొక క్రియకు ఆయన 134 అర్థములు వ్రాసెను. ఒక్కొక్క యర్థమునకును పూర్వగ్రంథములనుండి ఉదాహరణములు చూపెను. నూటయేబది సంవత్సరముల క్రిందట నిఘంటువులో చోటే లేని చిన్న క్రియలకు ఇప్పుడు పుటలకు పుటలు కావలసివచ్చెను.

అయినను జాన్సన్‌కు ప్రమాణము గ్రంథస్థమైన వాడుకయే. మంచి మాటలను నిలుపుట, చెడ్డ మాటలను మందలించుట నిఘంటుకారుని ధర్మమని ఆయన కాలమువారి విశ్వాసము. ఈ విశ్వాసమును మార్చినవారిలో ముఖ్యుడు రిచర్డు ట్రెంచ్ అను మతాచార్యుడు. 1857లో లండనునందలి భాషాశాస్త్రపరిషత్తు ఎదుట ఆయన రెండు ఉపన్యాసము లిచ్చెను. నిఘంటుకారుడు భాషకు చరిత్రకారుడే గాని విమర్శకుడు గాడనియు, మంచిచెడ్డల నెన్నక భాషలోని మాటలనెల్ల చేర్చుట వాని పనియనియు ఆయన వాదించెను. ఆ వాదమే ఆక్స్‌ఫర్డు నిఘంటువునకు పునాది యయ్యెను.

మర్రే పండితుని చీటీలు

ఆ మహాకార్యమును 1879లో స్వీకరించిన సంపాదకుడు జేమ్స్ మర్రే. స్కాట్లండులోని డెన్‌హోమ్ గ్రామమున ఒక దర్జీ యింట 1837లో పుట్టి, పదునాలుగవ యేటనే బడి మానిన ఆయన స్వయంకృషిచే విద్వాంసుడై బడిపంతులు పని చేసెను. నిఘంటుకార్యమును చేపట్టునాటికి ఆయన మిల్‌హిల్ పాఠశాలలో ఉపాధ్యాయుడు. అంతకు పూర్వమే 1873లో తన పుట్టినసీమ మాండలికముపై ఒక ప్రామాణికగ్రంథము రచించి యుండెను. ఇంట వినిన మాటను తప్పని త్రోసివేయక దానికి శాస్త్రము వ్రాసిన ఉపాధ్యాయుడే ఆంగ్లభాషకు మహానిఘంటువు కూర్చుటకు తగినవాడని లోకము గ్రహించెను.

మర్రే పద్ధతి మిక్కిలి సులభమైనది. గ్రంథములు చదువువారు ఒక్కొక్క చీటీపై ఒక మాటయు, అది వచ్చిన వాక్యమును, గ్రంథము పేరును, సంవత్సరమును వ్రాసి పంపవలెను. వేలకొలది ప్రజలు స్వచ్ఛందముగా ఈ పనికి పూనుకొనిరి. వారిలో ఫిట్జెడ్వర్డ్ హాల్ అను అమెరికా పండితుడు కాశీలోని ప్రభుత్వకళాశాలలో సంస్కృతాచార్యుడుగా నుండినవాడు. ఇంగ్లండు చేరి ఒక పల్లెలో ఏకాంతముగా నివసించుచు, 1901లో మరణించువరకు ఆయన ఏ ప్రతిఫలమును కోరక నిఘంటువునకు తోడ్పడెను.

ఈ సేకరణలో ఒక విచిత్రమైన లోపము బయటపడెను. చదువరులు అరుదైన మాట కనబడగానే ఉత్సాహముతో చీటీ వ్రాసిరి. తఱచు వినబడు మాటను గమనింపకయే దాటిపోయిరి. 'అబ్యూజన్' అను మరుగుపడిన పదమునకు ఏబదివరకు ఉదాహరణములు రాగా, నిత్యవ్యవహారములోని 'అబ్యూజ్' అను పదమునకు అయిదైనను రాలేదని మర్రే విచారపడెను. సామాన్యపదములనుగూడ ఓపికతో గుర్తింపుడని ఆయన మరల విన్నపము చేయవలసివచ్చెను. చేతికి దగ్గరగా నున్న వస్తువు కంటికి ఆననట్లే నిత్యము వాడు మాటయు దృష్టికి ఆనదు.

మొదటి భాగము 1884లో వెలువడెను. మర్రే 1915లో మరణించెను. గ్రంథము 1928లో పూర్తియయ్యెను. అందు 4,14,825 పదములును, 18,27,306 ఉదాహరణవాక్యములును కలవు. రేఫముతో మొదలగు పదముల భాగమును, అందుచే 'రన్' అను క్రియను, కూర్చినవాడు విలియం క్రెయిగీ. ఆయనయు స్కాట్లండువాడే. 1989 నాటి రెండవ కూర్పులో మిక్కిలి పెద్ద వ్యాసము 'సెట్' అను క్రియది. దానికి 430 అర్థములు చూపబడినవి. 2011 నాటికి 'రన్' దానిని మించిపోయెను.

అర్థములు శాఖలెత్తిన విధము

ప్రాచీనాంగ్లమునందే ఈ ధాతువునకు మనుష్యుడు పరుగెత్తుట, నీరు పారుట అను రెండర్థములును ఉండెను. స్కాండినేవియానుండి వచ్చి స్థిరపడినవారి భాషలో దీనికి సోదరప్రాయమైన క్రియ యొకటి యుండుటచే రెండును కలసి నేటి రూపము ఏర్పడుటకు తోడ్పడెను. వలసవచ్చినవారి మాట స్థానికుల మాటను చెఱుపక దానికి బలము చేకూర్చినదనుట ఇచ్చట గమనింపదగినది.

అటుపిమ్మట ప్రజలజీవనము మారినకొలదియు అర్థములు పెరిగినవి. గాలివాటున ఓడ పోవుటయు, రాజాజ్ఞ దేశమున చెల్లుటయు ఈ క్రియతోనే చెప్పబడినవి. ఇంటిచుట్టు గోడ సాగియుండుట, ఒప్పందము కొంతకాలము అమలులో నుండుట, రోగము వంశపారంపర్యముగా వచ్చుట - ఇవన్నియు కదలికనుండి కొనసాగింపునకు దాటిన భావములు. యంత్రయుగము రాగానే మరియొక పెద్దశాఖ పుట్టెను. 1830లో లివర్‌పూలు, మాంచెస్టరు నగరముల నడుమ రైలుమార్గము తెఱవబడెను. రైలుబండ్లు నియతవేళలలో 'రన్' అగుటయు, మరమగ్గములు, ఆవిరియంత్రములు 'రన్' అగుటయు వాడుకయైనవి. 19వ శతాబ్దమున అమెరికాలో అంగడిని నడుపుట అను అర్థము బలపడెను. ఎన్నికలలో పోటీచేయుటను అమెరికావారు పరుగెత్తుట యందురు. ఇంగ్లండువారు నిలుచుట యందురు. మనమును అభ్యర్థి నిలబడెననియే చెప్పుకొందుము. గణనయంత్రములు వచ్చిన పిదప వాని కార్యక్రమములును 'రన్' కాసాగినవి. ఈ విధముగా ఆ క్రియ అర్థముల పట్టికయే ఆ జాతి పనిపాటల చరిత్ర యయ్యెను.

ఈ యర్థములను తెలుగులో చెప్పవలెనన్న ఒక్క క్రియ చాలదు. బాలుడు పరుగెత్తును, ఏరు పారును, ముక్కు కారును, బట్టరంగు దిగును, బస్సు నడుచును, చలనచిత్రము ఆడును, అభ్యర్థి నిలబడును, పుకారు వ్యాపించును. 'పరుగు' అను మన నామవాచకము మాత్రము క్రికెట్టు ఆట మూలమున ఒక క్రొత్త యర్థమును పొందెను. బంతిని కొట్టి అటునిటు పరుగెత్తుటచే వచ్చు లెక్కను పత్రికలు పరుగులనియే వ్రాయుచున్నవి.

అయితే మన క్రియలు మాత్రము ఒంటరి యర్థముతో నున్నవా? 'పారు' అను క్రియను చూడుడు. ఏరు పారును. దొంగ పారిపోవును. పన్నిన పన్నాగము ఫలించినచో పాచిక పారెనందుము. చూపు పారినంత మేర పైరు పచ్చగా నున్నదందుము. పారుట, పరుగెత్తుట, ఫలించుట, వ్యాపించుట అను నాలుగర్థములు ఇచ్చట ఒక్క ధాతువున ఇమిడినవి. 'పడు' అను క్రియయు ఇట్టిదే. వాన పడును, ధర పడును, శిక్ష పడును, ముడి పడును, బాకీ పడును. భయపడుట, కనబడుట, చెప్పబడుట అను రూపములు దీనినుండియే యేర్పడినవి. సులభమని దాటిపోవు మాటలే మనకును గని వంటివి.

తెలుగు నిఘంటువులలో క్రియలు

తెలుగు క్రియాధాతువుల ప్రాముఖ్యమును తెలిసిన పండితులు ఆక్స్‌ఫర్డు నిఘంటువునకు ముందే మదరాసులో నుండిరి. 1816లో ప్రకటింపబడిన కాంబెల్ తెలుగు వ్యాకరణమునకు ఎల్లిస్ దొర ఒక పీఠిక వ్రాసెను. తెలుగు, కన్నడ, తమిళ ధాతువులను ప్రక్కప్రక్కన నిలిపి చూపి, ఈ భాషలు సంస్కృతమునుండి పుట్టినవి గావనియు, ఒక్క కుటుంబమునకు చెందినవనియు ఆయన నిరూపించెను. కాల్డ్వెల్ 1856లో ద్రావిడభాషల తులనాత్మక వ్యాకరణమును ప్రకటించుటకు ఇది నలుబది యేండ్లు ముందటి సంగతి.

బ్రౌన్ దొర తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1852లో మదరాసుననే అచ్చయ్యెను. ఆయన కావ్యములలోని పదములతోబాటు సామాన్యుల నోట వినబడు మాటలను, వాడుకవాక్యములను చేర్చెను. తెలుగులో కలసిపోయిన అన్యదేశ్యములకు 1854లో ప్రత్యేకముగా ఒక మిశ్రభాషానిఘంటువునే ప్రకటించెను. బహుజనపల్లి సీతారామాచార్యులవారి శబ్దరత్నాకరము 1885లో వెలువడెను. కావ్యప్రయోగమే ప్రమాణముగా కూర్చిన ఆ గ్రంథము సాహిత్యాధ్యయనమునకు చేసిన మేలు గొప్పది. కాని కవి ప్రయోగింపని మాటకు అందు తావు లేదు. ఒకవైపు కావ్యభాషకు శబ్దరత్నాకరమును, మరియొకవైపు జీవద్భాషకు బ్రౌన్ నిఘంటువును తెలుగువారికి లభించినవి. భద్రిరాజు కృష్ణమూర్తిగారు 1961లో తెలుగు క్రియాధాతువులపై ఆంగ్లమున ప్రకటించిన గ్రంథము ఈ శాస్త్రమును నూతనమార్గమున నడిపినది. అదే సంవత్సరమున బరో, ఎమెనో పండితుల ద్రావిడవ్యుత్పత్తి నిఘంటువు వెలువడెను.

యంత్రము పరుగెత్తునా, నడుచునా?

ఎల్లిస్ చేసినట్లు ఇరుగుపొరుగు భాషల క్రియలను ప్రక్కప్రక్కన నుంచి చూచినచో తెలుగువారు స్థిరపడిన ప్రాంతములన్నిటను ఒక విశేషము కనబడును. ఇంగ్లీషులో యంత్రము పరుగెత్తును. తెలుగులో అది నడుచును. 1856లో మదరాసునందలి రాయపురమునుండి వాలాజారోడ్డు వరకు దక్షిణదేశపు మొదటి రైలుబండి వెడలెను. ఇట్టి బండ్లను చూచిన తెలుగువారు అవి నడుచుచున్నవనియే చెప్పిరి. సోలాపూరు నేతపేటలో తెలుగువాడు వినుచుండు మరాఠీలో మరమగ్గమునకు 'చాలణే' అను క్రియ వాడబడును. దాని మొదటి యర్థము నడచుట. బరంపురమున వినబడు ఒడియాలో 'చాలిబా' యు ఇట్టిదే. 1954 వరకు ఫ్రెంచి పరిపాలనలో నుండిన యానాములో పాలకుల భాషయందు యంత్రమునకు వాడిన 'మార్షే' అను క్రియకును నడచుట యనియే మొదటి యర్థము. దూరదేశపు ఫ్రెంచివారికిని, మనకును కుదిరిన ఈ ఉపమానము పొరుగుననున్న ఆంగ్లేయునికి కుదురలేదు.

తమిళమునకు వచ్చునప్పటికి త్రోవ మారును. అచ్చట గడియారము 'ఓడును', చలనచిత్రము నూరుదినములు 'ఓడును', కాలము 'ఓడును'. బండి తోలుట 'ఓట్టుట'. కన్నడమునను పరుగెత్తుట 'ఓడు' టయే. బస్సు నడుపుట 'ఓడిసు' ట. మలయాళమునను 'ఓడు' అనగా పరుగెత్తుట. అనగా ఇంగ్లీషు 'రన్' నకు మిక్కిలి దగ్గరగా నుండు క్రియ మన పొరుగు భాషలలోనే కలదు.

ఈ క్రియ తెలుగులో లేదా? కలదు. కాని మన 'ఓడు' నకు అర్థము పరాజయము పొందుట. వ్యుత్పత్తి నిఘంటువు ఈ రూపములనన్నిటిని ఒక్క ధాతువుక్రిందనే చేర్చినది. తమిళమునందలి 'ఓడు' నకు వెన్నిచ్చి పాఱుట అను అర్థమును కలదు. యుద్ధములో వెన్నిచ్చి పరుగెత్తినవాడే ఓడినవాడు. మన ప్రాచీనకావ్యములలో 'ఓడు' నకు భయపడుట, వెనుకాడుట అను అర్థములును కనబడును. పరుగునకును, ఓటమికిని నడుమనున్న మెట్టు ఇచ్చట స్పష్టముగా తెలియుచున్నది.

బడిలో ఈ చరిత్రకు గల ప్రయోజనము

ఇది పండితుల వినోదము మాత్రమే కాదు. హోసూరు, మదుర, కోయంబత్తూరు ప్రాంతములలో గాని, కోలారు, బళ్ళారి సీమలలో గాని తెలుగు బడికి పోవు బాలుడు వీధిలో 'ఓడు' అను మాటను దినమునకు నూరుసార్లు వినును. అట్టివాడు తన వ్యాసములో "పోలీసులను చూచి దొంగ ఓడెను" అని వ్రాసినచో ఉపాధ్యాయుడు ఎఱ్ఱసిరాతో కొట్టివేయును. కొట్టివేయుటలో తప్పులేదు, పరీక్షలో దొంగ పారిపోవలసినదే. కాని కారణము చెప్పక కొట్టివేసినచో బాలునికి మిగులునది ఒక్కటే భావము: తాను మాటలాడునది తెలుగు కాదు. తన తెలుగు తప్పుల కుప్ప యని నమ్మిన బాలుడు బడిలో మొదట మౌనము వహించును. తరువాత ఇంట తల్లికిని తమిళములోనో, కన్నడములోనో బదులు చెప్పును. ఒక యింట తెలుగు ఆరిపోవుటకు ఏ ప్రభుత్వపు ఉత్తరువును అక్కఱలేదు. ఈ సిగ్గు చాలును.

1956లో రాజ్యాంగమునకు చేర్చబడిన 350-ఎ అధికరణము భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమికవిద్య మాతృభాషలో గఱపుటకు తగిన సౌకర్యములు కల్పింపవలెనని చెప్పుచున్నది. చట్టము బడిని ఇయ్యగలదు. ఆ బడిలో బాలుని నోటిమాటకు గౌరవము నిచ్చువాడు ఉపాధ్యాయుడే.

ప్రమాణభాష నిలువకపోయినచో తెలుగు పొరుగుభాషలలో కరగిపోవునని కొందఱు పెద్దలు భయపడుదురు. ఆ భయము నిరాధారమైనది కాదు. కాని మర్రే సంప్రదాయమున దీనికి మార్గము కలదు. ఆయన నిఘంటువు ప్రతియర్థమును చేర్చును. చేర్చుచునే ఇది మాండలికము, ఇది ప్రాచీనము, ఇది వృత్తిపదము అని గుఱుతు పెట్టును. గుఱుతు పెట్టుట వేఱు, తుడిచివేయుట వేఱు. 'ఓడు' ప్రక్కన "పొరుగు భాషలలో పరుగెత్తుట, తెలుగున పరాజయము, రెండును ఒక్క ధాతువు" అని నల్లబల్లపై వ్రాసిన ఉపాధ్యాయుడు పరీక్షకు కావలసిన రూపమును నేర్పినవాడును అగును, బాలుని యింటి మాటను కాపాడినవాడును అగును.

చీటీల పద్ధతియు మన బడులకు అందుబాటులోనిదే. దానికి ధనము అక్కఱలేదు. వర్షమునకు, గడియారమునకు, మగ్గమునకు, బండికి, పొయ్యికి ఏయే క్రియలు వాడుదురో ప్రతి విద్యార్థియు తన అవ్వను, తాతను అడిగి, ఆ వాక్యమును, ఊరిని, సంవత్సరమును ఒక కాగితపు ముక్కపై వ్రాసి తేవచ్చును. అరుదైన మాటలకొఱకు వెదకక, నిత్యము వినబడు క్రియలనే వ్రాయుమని చెప్పవలెను. మర్రే చదువరులు దాటిపోయినవి అవియే గదా. మదుర చీటీ, సోలాపూరు చీటీ, బరంపురము చీటీ, యానాము చీటీ ఒక్కచోట చేర్చినచో దేశాంతరమందలి తెలుగు క్రియల నిఘంటువునకు ఆరంభము కలుగును. ఆ వాక్యములు తెలిసిన అవ్వలు, తాతలు ఏటేట తగ్గిపోవుచున్నారు. ఈ పనిని వచ్చు విద్యాసంవత్సరమున ఏ యొక్క బడి మొదలిడినను మేలు.